నూట ఇరవై గంటలు

నూట ఇరవై గంటలు చదివితే ఒక క్రెడిట్ అట.
అరవై చదివితే అర.
ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, మేమూ లెక్కపెట్టలేదు.
ఇప్పుడు కాలేజీ అడుగుతోంది:
నాలుగేళ్ళూ ఒక్క కాగితం మీద, ఒకవైపే.

బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద.
మిల్క్ నది గడ్డకట్టి నెల దాటింది.
వంటింటి బల్ల మీది డీజిల్ బిల్లులు, టీకా సీసా,
దూడల చెవులకి వేసే పసుపు బిళ్ళలు
పక్కకి నెట్టి గడులు గీస్తున్నాను.
సబ్జెక్టు. గ్రేడు. క్రెడిట్.
అన్నిటికన్నా పైన బడి పేరు రాయాలి.
మా బడికి పేరెక్కడిది, పొయ్యి పక్కన ఈ బల్ల తప్ప!
"హాల్వర్సన్ హోమ్ స్కూల్" అని కొట్టి చూశాను.
ఎవరిదో బడి అనిపించింది.

ఇంగ్లీషు తేలిక.
చదివిన పుస్తకాలన్నీ మారెన్ దాణా సంచి అట్ట మీద రాసిపెట్టుకుంది.
ఆల్జీబ్రాకి పరీక్ష కాగితాలున్నాయి, వాటి మీద ఎర్రసిరా నాదే.
జీవశాస్త్రం దగ్గర చెయ్యి ఆగింది.
పోయిన మార్చిలో, రాత్రి రెండింటికి,
అడ్డం తిరిగిన దూడని
మోచేతిదాకా చెయ్యి పెట్టి సరిచేసింది.
దూడ బతికింది. ఆవు బతకలేదు.
పొద్దున్నదాకా కొట్టంలోనే కూచుంది పిల్ల.
అవెన్ని గంటలు?
దానికి ఏ గ్రేడు?

కాకి పిల్ల కాకికి ముద్దు.
ఆ ముక్క అడ్మిషన్ల ఆఫీసులో
నాకన్నా ముందే తెలుసు.
నేను పది రాస్తే వాళ్ళు ఆరని చదువుకుంటారు.
అందుకే హిస్టరీలో ఒక మెట్టు దించాను,
స్పానిష్‌లో ఇంకో మెట్టు.
నిజాయితీగా కనబడాలని
నా పిల్ల మార్కులు కోసి
నాకు పరువు కొనుక్కుంటున్నాను.
ఆ సంగతి నాకు తట్టేసరికి కాఫీ చల్లారిపోయింది.
మళ్ళీ పైకెక్కించాను, రెండూ.

కెమిస్ట్రీ అసలు నాకే రాదు.
స్ఫటికాలు కట్టించబోయి మంచి గిన్నె మాడ్చాం,
నవ్వి నవ్వి ఆ పాఠం వదిలేశాం.
"బి రాసెయ్" అంది మారెన్, బూట్ల మంచు దులుపుతూ.
"నేను సరిగ్గా చెప్పలేదు, నీ తప్పేముంది?"
"నీ తప్పూ లేదు. అయినా బి."

అప్పుడు గుర్తొచ్చింది ఓర్విన్ తాత.
ఆయనకి చూపు పోయాక
రోజూ సాయంత్రం గంటసేపు
పశువుల ధరలు, వాన కబురు, చావు కబుర్లు,
అవయ్యాక ఓడల గురించి ఒక లావుపాటి పుస్తకం,
ఈ పిల్లే చదివి వినిపించేది.
పదహారు నెలలు.
వేళ్ళ మీద లెక్కేశాను: నాలుగొందల ఎనభై గంటలు.
నాలుగు క్రెడిట్లు!
దొరికిన డబ్బులా గబగబా కొట్టాను,
"వాచిక పఠనం" అని.

భుజం మీంచి చూసింది.
"అది తీసెయ్."
"ఎందుకు? ఇన్ని గంటలు..."
"అది క్లాసు కాదమ్మా. అది తాత."
పుస్తకం ఇంకా నలభై పేజీలు మిగిలే ఉందని
ఆ తర్వాత చెప్పింది, అటు తిరిగి.

ఒక్కో అక్షరం వెనక్కి నడిపించాను.
మాటలు పోయాయి గానీ
ఆ వరస మాత్రం పోలేదు.
ఎన్ని మీటలు నొక్కినా, మూడుసార్లు ప్రింటు తీసినా
హిస్టరీకి, కెమిస్ట్రీకి మధ్య
ఖాళీగా ఒక తెల్ల వరస.

పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళాను, నోటరీ ముద్రకి.
వెర్నా కళ్ళజోడు సర్దుకుని
"ప్రిన్సిపాల్ ఎవరు?" అంది.
ఇరవయ్యేళ్ళుగా నన్నెరుగును.
"నేనే."
లైసెన్సు అడిగింది. ఫొటో చూసింది, నన్ను చూసింది.
గ్రేడ్లు చదవలేదు.
తెల్ల వరస మీద వేలు పెట్టి
"ఇక్కడేదో మర్చిపోయినట్టున్నావు" అంది.
లేదన్నాను.

సంతకం పెట్టమంది.
బ్యాంకు పెన్ను గొలుసు పొట్టిది.
కాగితాన్నే దాని దగ్గరికి జరపాల్సొచ్చింది.